పెన్‌డ్రైవులో పోయిన పంచాయతీ రికార్డులు: తిరిగి పొందు విధము

గ్రామ పరిపాలనకు రికార్డులే ప్రాణము. ఇంటిపన్ను డిమాండు, గ్రామసభ తీర్మానములు, జనన మరణముల నమోదు, పనుల కొలతలు, చెల్లింపుల వోచర్లు సక్రమముగా ఉన్ననాడే పంచాయతీ మాటకు పై కార్యాలయములలో విలువ ఉండును. ఒకప్పుడు ఇవన్నియు అట్ట బైండు పుస్తకములలో, ఇనుప బీరువాలో భద్రపరుపబడెడివి. నేడు వాటిలో అధికభాగము కంప్యూటరులోనికి చేరినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభింపబడిన పిమ్మట గ్రామాభివృద్ధి ప్రణాళికలును, జమాఖర్చులును దేశమంతట ఒకే తీరున కంప్యూటరు ద్వారా నమోదగుచున్నవి. అయినను ప్రతి కాగితమును నేరుగా ఆ పెద్ద భాండాగారమునకు చేరదు. చిత్తు జాబితాలు, ఫోటోలు, కొలతల పట్టికలు మొదట పంచాయతీ కార్యాలయపు కంప్యూటరులో తయారై, అక్కడినుండి బొటనవ్రేలంత పెన్‌డ్రైవులో ఎక్కి, మండల కార్యాలయమునకు ప్రయాణము చేయుచున్నవి.

రామగుండము, గోదావరిఖని పరిసరములలోని పంచాయతీలకు ఈ ప్రయాణము మరింత ముఖ్యమైనది. సింగరేణి బొగ్గు గనులకు సమీపమున ఉన్న రామగిరి, కమాన్‌పూర్, మంథని, ముత్తారం, అంతర్గాం, పాలకుర్తి మండలములలోని రైతులకు భూసేకరణ అను మాట క్రొత్తది కాదు. ఓపెన్‌కాస్టు గని విస్తరించునప్పుడు పొలములే కాక ఇండ్లును, బావులును, చెట్లును, కొట్టములును లెక్కకు వచ్చును. 2013 భూసేకరణ చట్టము ప్రకారము ప్రాథమిక ప్రకటన వెలువడిన తేదీనుండి 60 రోజులలోగా సంబంధీకులు తమ అభ్యంతరములను తెలుపుకొనవలెను. నష్టపోవు కుటుంబముల వివరములు సేకరింపబడవలెను. ముసాయిదా పునరావాస పథకము గ్రామసభలో చర్చింపబడవలెను. ఇట్టి సమయమున ఏ ఇల్లు ఎవరిది, ఎన్ని గదులు, ఎప్పటి కట్టడము అను జాబితా ఒక పెన్‌డ్రైవులో ఉండి, దానిని ఎవరో తొందరలో కంప్యూటరునుండి ఊడబెరికినారనుకొనుడు. మండల కార్యాలయములో పెట్టి చూడగా జాబితా కనిపింపదు. ‘ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను’ అను హెచ్చరిక మాత్రము తెరమీద కనిపించును. అప్పుడు పంచాయతీ ఏమి చేయవలెను? ఏమి చేయరాదు?

పెక్కు సందర్భములలో జాబితా పోలేదు. అది ఎక్కడ ఉన్నదో తెలుపు సూచిక మాత్రమే చెడినది. ఈ ఒక్క విషయము గ్రహించి, మొదటి గంటలో నిదానము వహించినచో చాలావరకు రికార్డులను తిరిగి పొందవచ్చును.

పెన్‌డ్రైవు స్వరూపము

కంప్యూటరుకు రకరకముల పరికరములను ఒకే రీతి రేవు ద్వారా తగిలించు యు.ఎస్.బి. పద్ధతి 1996లో వచ్చినది. ఆ రేవులో గ్రుచ్చు పెన్‌డ్రైవులు 2000 సంవత్సరములో అంగళ్ళకు వచ్చినవి. తొలిరోజులలో వాటి సామర్థ్యము 8 మెగాబైట్లు మాత్రమే. సెల్‌ఫోనుతో తీసిన నాలుగైదు ఫోటోలకైనను నేడు అది చాలదు. ఇప్పుడు సామాన్యముగా దొరకు 32 గిగాబైట్ల పెన్‌డ్రైవు దానికి సుమారు 4,000 రెట్లు పెద్దది.

దానిలో తిరుగు చక్రము గాని, కదలు సూది గాని లేదు. జపానులోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా అను ఇంజనీరు 1980 దశకములో రూపొందించిన ఫ్లాష్ మెమరీ అను చిప్పే దీనికి ఆధారము. అందలి అతి సూక్ష్మమైన గదులలో విద్యుదావేశము నిలిచియుండును. కరెంటు లేకపోయినను ఆ ఆవేశము చెక్కుచెదరకుండ ఉండుటచేతనే మనము పెన్‌డ్రైవును జేబులో వేసికొని పోగలుగుచున్నాము. కాని ఈ నిలుకడ శాశ్వతము కాదు. ఏండ్ల తరబడి వాడక పెట్టెలో పడియున్నప్పుడును, అధికమైన వేడిలోనున్నప్పుడును ఆవేశము క్రమముగా సన్నగిల్లును. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయు రామగుండము ప్రాంతములో మోటారుసైకిలు పెట్టెలో పెన్‌డ్రైవును వదలిపెట్టుట మంచిది కాదు.

పొలము – పహాణీ

పెన్‌డ్రైవులో ఫైళ్ళు ఎట్లుండునో తెలిసికొనుటకు మన పెద్దలకు పరిచితమైన పహాణీని తలచుకొన్న చాలును. పెన్‌డ్రైవును ఒక గ్రామమనుకొనుడు. అందలి స్థలమంతయు చిన్నచిన్న సర్వే నంబర్లుగా విభజింపబడి ఉండును. ఒక పెద్ద ఫైలుకు ఒకేచోట స్థలము దొరకనప్పుడు అది 40వ నంబరులో కొంత, 41లో కొంత, 97లో మరికొంతగా చెదరి ఉండును. ఏ ఫైలు ఏ నంబరులో మొదలైనది, తరువాతి ముక్క ఎక్కడ ఉన్నది, ఏ నంబర్లు ఖాళీగా ఉన్నవి అను వివరమంతయు పెన్‌డ్రైవు మొదటిభాగములో ఒక పట్టికగా ఉండును. ఇదియే ఆ గ్రామపు పహాణీ. కంప్యూటరు ఫైలును వెదకునప్పుడు పొలమంతయు నడచి చూడదు. పహాణీని చూచి నేరుగా ఆ నంబరునకు పోవును.

పహాణీ చినిగినంతమాత్రమున పొలము ఎక్కడికిని పోదు. పెన్‌డ్రైవు పట్టిక చెడినప్పుడును ఇంతే. కంప్యూటరు పట్టికను చదువలేక ‘ఈ గ్రామములో ఏమియు లేదు, క్రొత్త పహాణీ వ్రాయుదునా?’ అని అడుగును. ఫార్మాట్ అనగా ఇదే. సాధారణముగా జరుగు శీఘ్ర ఫార్మాట్ పాత పట్టికను తుడిచి క్రొత్త ఖాళీ పట్టికను వ్రాయును గాని పొలములను దున్నదు. అయినను, అటుపిమ్మట ఆ పెన్‌డ్రైవులో ఎవరైనను ఒక క్రొత్త ఫైలు వ్రాసినచో, ఖాళీ అనుకొని ఇతరుని పొలము మరొకరికి పట్టా చేసినట్లగును. క్రొత్త పట్టాదారు దున్నిన నేలలో పాత పైరు మరల మొలవదు. కావున తిరిగి పొందుటకు సంబంధించిన నియమములన్నియు ఒక్క సూత్రమునుండియే పుట్టినవి: పోయినదనుకొన్న పెన్‌డ్రైవుమీద మరేమియు వ్రాయరాదు.

ఫ్యాట్ 32 అను పద్ధతిలో సిద్ధము చేసిన పెన్‌డ్రైవులలో ఈ పట్టికకు సాధారణముగా రెండు నకళ్ళు ఉండును. గ్రామములో ఒక ప్రతి, తహసీలులో ఒక ప్రతి ఉన్నట్లు, ఒకటి చెడినప్పుడు రెండవదాని సాయమున సరిచేయు వీలు కొన్ని సందర్భములలో కలదు.

ఊడబెరికినప్పుడు జరుగునదేమి?

బొగ్గుబాయిలో షిఫ్టు ముగిసిన తరువాత ల్యాంప్‌రూములో దీపముల లెక్క చూతురు. దిగినవారందరు పైకి వచ్చినారా అని తెలిసికొనుటకు అది సాధనము. ఒక్క దీపము తిరిగి రానిచో ఎవరో ఇంకను లోపల ఉన్నారని అర్థము. పెన్‌డ్రైవును తీయుటకు ముందు ‘ఎజెక్ట్’ అను ఆజ్ఞ ఇచ్చుట ఇట్టి లెక్కయే. కంప్యూటరు వేగము కొరకు కొన్ని వివరములను వెంటనే పెన్‌డ్రైవులో వ్రాయక తనయొద్ద తాత్కాలికముగా నిలిపి ఉంచుకొనును. ‘కాపీ పూర్తియైనది’ అని తెరమీద కనిపించినను చివరి ముక్కలు ఇంకను దారిలో ఉండవచ్చును. ఎజెక్ట్ ఆజ్ఞ అందగానే అది మిగిలినదంతయు వ్రాసి, పట్టికను పూర్తిచేసి, ఇక తీయవచ్చునని తెలుపును.

2018లో వచ్చిన విండోస్ 10 రూపాంతరము మొదలుకొని పెన్‌డ్రైవులకు శీఘ్రముగా తీయదగిన పద్ధతియే అలవాటుగా ఏర్పరుపబడినది. అనగా కంప్యూటరు నిలువ ఉంచుకొను వివరములు తగ్గినవి. కాని వ్రాయుచుండగా తీసినచో ఏ పద్ధతియు రక్షింపదు. పట్టికలో సగము వరుస వ్రాసి కలము ఎత్తివేసినట్లే అగును. కార్యాలయములో కరెంటు పోయినను, రేవులో బొగ్గుదుమ్ము చేరి కొన సరిగా తగులక మధ్యలో సంబంధము తెగినను, ఫలితమొక్కటియే. కావున ప్రతి చెడిన పెన్‌డ్రైవు వెనుక ఒకరి అజాగ్రత్త ఉన్నదని నిర్ణయింపరాదు.

మొదటి గంటలో చేయరానివి

ఫార్మాట్ చేయుదునా అని కంప్యూటరు అడిగినప్పుడు వద్దని చెప్పి, ఆ గడిని మూసివేయవలెను.

పెన్‌డ్రైవులో లోపమున్నది, పరీక్షించి సరిచేయుదునా అని అడిగినప్పుడును వెంటనే అంగీకరింపరాదు. ఈ సవరణ పట్టికను మార్చి వ్రాయును. కొన్నిసార్లు అది మేలు చేయును. కొన్నిసార్లు సరిపడని వరుసలను తెంచివేసి తరువాతి ప్రయత్నమునకు అవకాశము లేకుండ చేయును. నకలు తీసికొన్న తరువాతనే దాని జోలికి పోవలెను.

ఫైళ్ళను వెదకు సాధనములను ఆ పెన్‌డ్రైవులోనే ఎక్కింపరాదు. దొరికిన ఫైళ్ళను తిరిగి దానిలోనే దాచరాదు. పోయిన పైరును వెదకుచు అదే పొలములో నాగలి పూన్చినట్లగును.

ఫైళ్ళు కనిపించినను, వాటిని పెన్‌డ్రైవులో ఉండగానే తెరచి చూడరాదు. వర్డు, ఎక్సెలు మొదలగునవి ఒక ఫైలును తెరచినప్పుడు దాని ప్రక్కనే చిన్న తాత్కాలిక ఫైలును వ్రాయును. అదియు ఒక వ్రాతయే.

తిరిగి పొందు క్రమము

మొదట పెన్‌డ్రైవును తీసి ఒక కవరులో ఉంచి, ఏ తేదీన, ఏ కంప్యూటరులో, ఏ ఫైలు వ్రాయుచుండగా ఈ విధముగా జరిగినదో కవరుమీద వ్రాయవలెను. తరువాత సాయము చేయువారికి ఈ నాలుగు మాటలు ఎంతయో ఉపకరించును.

రెండవ పని, ఆ వివరములు మరెక్కడైనను ఉన్నవేమో చూచుట. జాబితాను తయారుచేసిన కంప్యూటరులో మూల ప్రతి ఉండవచ్చును. వర్డు, ఎక్సెలు తమంతట తాము దాచుకొన్న ప్రతులు ఉండవచ్చును. ఎవరికైనను ఈ-మెయిలులోనో వాట్సాప్‌లోనో పంపినది ఉండవచ్చును. ఇంటింటికి తిరిగి తీసిన ఫోటోలు సెల్‌ఫోనులో ఉండవచ్చును. చిత్తు కాగితములు బీరువాలో ఉండవచ్చును. తిరిగి పొందు మార్గములన్నిటిలో ఇదియే సులభమైనది, ఖర్చులేనిది. కంగారులో అందరును మరచునదియు ఇదియే.

మూడవది, రేవు మార్చి చూచుట. రేవులోని దుమ్మును మెత్తని పొడి కుంచెతో తుడిచి, వేరొక రేవులోను, తరువాత వేరొక కంప్యూటరులోను పెట్టి చూడవలెను. అక్కడ పెన్‌డ్రైవు పూర్తి పరిమాణము సరిగా చూపబడినచో చిప్పు బ్రతికియున్నదని ధైర్యపడవచ్చును. డిస్కుల పట్టికలో దాని స్వరూపము ‘రా’, అనగా పచ్చిదని, చూపబడినను నిరాశ వలదు. పట్టిక చదువబడుటలేదని మాత్రమే దాని అర్థము. పరిమాణము సున్నగా కనిపించినను, అసలు జాడయే లేకున్నను, పట్టుకొన్నప్పుడు కాలుచున్నను, లోపము చిప్పులో గాని దాని నియంత్రికలో గాని ఉన్నదని గ్రహింపవలెను. అట్టిచోట కంప్యూటరు సాధనములు పనిచేయవు. దానిని పదేపదే పెట్టి తీయుట మానవలెను.

ఫైళ్ళు మామూలుగా కనిపించినచో వెంటనే అన్నింటిని కంప్యూటరులోనికి కాపీ చేసికొని, అక్కడ తెరచి చూడవలెను.

కనిపించనప్పుడు, నాలుగవ పనిగా పెన్‌డ్రైవుకు అచ్చు నకలు తీయవలెను. ఇది ఫైళ్ళ కాపీ కాదు. మొదటి గదినుండి చివరి గదివరకు ఉన్నదున్నట్లు తీయు ప్రతిబింబము. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవుకు అంత ఖాళీస్థలము కంప్యూటరులో కావలెను. ఇందుకు టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనము ఉపయోగపడును. దీనిని ఫ్రాన్సు దేశీయుడైన క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించినాడు. ఎవరైనను పైకము చెల్లింపక వాడుకొనవచ్చును. మధ్యమధ్య చదువబడని గదులున్న పెన్‌డ్రైవులకు లినక్సులో డి.డి. రెస్క్యూ అను సాధనము మేలు. అది చదువబడునవి మొదట తీసికొని, మొండికేసిన గదులను తరువాత మరల ప్రయత్నించును. నకలు తీసిన పిమ్మట అసలు పెన్‌డ్రైవును కవరులో పెట్టి బీరువాలో ఉంచవలెను. ఇకమీది ప్రయత్నములన్నియు నకలుమీదనే జరుగవలెను. ఒక ప్రయత్నము బెడిసినను అసలు ప్రతి చెక్కుచెదరదు.

ఐదవది, పట్టికను బాగుచేయుట. టెస్ట్‌డిస్క్ నకలులోని రెండవ పట్టికను, మొదటి పుటకు వేరొకచోట దాచబడిన ప్రతిని చూచి, వీలైనచో పాత పహాణీని తిరిగి నిలబెట్టును. ఇది ఫలించినచో ఫైళ్ళు తమ పేర్లతో, తమ సంచులలో, తేదీలతో సహా కనిపించును. ఇంతకన్న మేలైన ఫలితము లేదు.

ఇది ఫలింపనప్పుడు ఆరవ మార్గము: పహాణీని విడిచి పొలము వెంట నడచుట. గ్రెనియే రూపొందించినదే అయిన ఫోటోరెక్ అను సాధనము ఈ పని చేయును. పేరునుబట్టి ఫోటోలకు మాత్రమే అనిపించినను ఇది అనేక రకముల ఫైళ్ళను వెదకగలదు. ప్రతి జాతి ఫైలునకు ఒక ఆరంభ చిహ్నము కలదు. పి.డి.ఎఫ్. పత్రము శాతపు గుర్తుతోను, తన పేరులోని మూడు అక్షరములతోను మొదలగును. నేటి వర్డు, ఎక్సెలు ఫైళ్ళు పి.కె. అను రెండు ఆంగ్లాక్షరములతో మొదలగును. ఫోటోలకు వేరొక చిహ్నము కలదు. గట్టుమీది హద్దురాయిని చూచి ఇది ఫలానా పొలమని గుర్తించినట్లు, ఫోటోరెక్ ఈ చిహ్నములను చూచి ఫైళ్ళను ఏరును. అయితే పేర్లు పహాణీలో ఉండునవే గాని పొలములో ఉండవు. కావున దొరికిన ఫైళ్ళకు పాత పేర్లు ఉండవు. అంకెలతో కూడిన పేర్లు మాత్రమే వచ్చును. వందలాది ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి, ఇది పన్ను పట్టిక, ఇది తీర్మానము అని పేర్లు పెట్టుకొనవలసియుండును. ఓపికతో కూడిన పనియైనను ఇది జరుగదగిన పని.

చివరగా, నకలు భద్రముగా ఉన్నప్పుడు మాత్రమే విండోస్‌లోని చెక్ డిస్క్ అను సవరణను ప్రయత్నింపవచ్చును. అది యజమాని తెలియని ముక్కలను ‘ఫౌండ్’ అను పేరుగల సంచిలో చేర్చి చూపును.

ఎంతవరకు ఆశింపవచ్చును?

ఊడబెరికిన క్షణమున వ్రాయబడుచున్న ఫైలు సంగతి వేరు. పూర్వమే వ్రాసియున్న ఫైళ్ళ సంగతి వేరు. పూర్వపు ఫైళ్ళు చాలవరకు దొరకును. ఆ క్షణమున దారిలోనున్న ముక్క మాత్రము పెన్‌డ్రైవునకు చేరనేలేదు. రానిదానిని ఏ సాధనమును తేజాలదు. అందువలన ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఫైలును పెన్‌డ్రైవులోనికి ‘కట్’ చేసి తరలింపరాదు, ‘కాపీ’ మాత్రమే చేయవలెను. తరలించినప్పుడు మూలప్రతి తుడిచివేయబడును. క్రొత్త ప్రతి చెడినచో రెంటికి చెడిన రేవడి అగుదుము.

ఫోటోలు, పి.డి.ఎఫ్. పత్రములు సాధారణముగా ఒకేసారి వ్రాయబడునవి గనుక ఒకేచోట వరుసగా ఉండి సులభముగా దొరకును. దినదినము సవరించుచు పోయిన పట్టికలు ముక్కలుగా చెదరియుండును; వాటిని పట్టిక సాయము లేక కూర్చుట కష్టము. సగము దొరికిన ఎక్సెలు ఫైలు తెరచుకొనక పోవచ్చును.

దొరికినదే సరియైనదా?

ఇది మిక్కిలి ముఖ్యమైన విషయము. వెదకు సాధనములు పొలములో కనిపించినవన్నియు తెచ్చి ముందుంచును. అందు గతవారపు చిత్తు ప్రతియు ఉండును. నిన్న సవరించినదియు ఉండును. రెంటికిని పేర్లు లేవు. తెరచి చూచిన ఉద్యోగి ‘జాబితా దొరికినది’ అని సంతోషించి, చిత్తు ప్రతినే పై కార్యాలయమునకు పంపవచ్చును. నిన్న గ్రామసభలో ఒక వితంతువు వచ్చి, తన భర్త పేరున ఉన్న ఇల్లు జాబితాలో లేదని చెప్పగా చేర్చిన వరుస ఆ చిత్తు ప్రతిలో ఉండదు. వేరుపడిన కొడుకు కుటుంబము ఉండదు. వలసపోయి తిరిగివచ్చినవారి పేరు ఉండదు. ఫైలు దొరికినను వారికి మాత్రము నష్టము జరిగిపోవును. అదియు ఎవరికిని తెలియకుండ జరుగును. పోయిన జాబితాను అందరు వెదకుదురు గాని, ‘దొరికిన’ జాబితాను ఎవరును అనుమానింపరు.

కావున తిరిగి పొందిన ప్రతి జాబితాను, పంపుటకు ముందు, కాగితపు రిజిస్టరుతో ఇంటి నంబరు వారీగా సరిచూడవలెను. వరుసల సంఖ్య సరిపోయినదా? చివర చేర్చిన పేర్లు ఉన్నవా? మొత్తములు కలిసినవా? ఈ పని ఉద్యోగి ఒక్కరే చేయరాదు. ఒకరు చదువగా మరొకరు రిజిస్టరులో చూచుకొనవలెను. వార్డు సభ్యులు తమ వార్డులోని పేర్లను వినవలెను. ఏ ఇంటిలో ఎవరున్నారో వారికి తెలిసినంత కంప్యూటరునకు తెలియదు. సరిచూచిన ప్రతిమీద తేదీ వేసి, కార్యదర్శి, సర్పంచి సంతకములు చేసి, అచ్చు ప్రతిని బీరువాలో ఉంచవలెను. వీలున్నచోట గ్రామసభలో బహిరంగముగా చదివి వినిపించుట ఉత్తమము.

బయటివారికి అప్పగించునప్పుడు

పంచాయతీలో తెలిసినవారు లేనప్పుడు పట్టణములోని కంప్యూటరు దుకాణమును ఆశ్రయింపవలసి రావచ్చును. పంచాయతీ పెన్‌డ్రైవులో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఫోను నంబర్లు ఉండును. అవి ప్రజలు పంచాయతీని నమ్మి ఇచ్చినవి. వ్యక్తుల సమాచారమును కాపాడుటకు పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమునే చేసినది. కావున పెన్‌డ్రైవును ఎవరి చేతికో ఇచ్చి, సాయంత్రము వచ్చి తీసికొందుమని వెళ్ళరాదు. మొదట మండల కార్యాలయములోని కంప్యూటరు సిబ్బంది సలహా తీసికొనవలెను. బయట ఇవ్వవలసి వచ్చినచో సర్పంచి అనుమతితో, వ్రాతపూర్వకమైన రసీదుతో ఇచ్చి, పని జరుగునంతసేపు పంచాయతీ మనిషి ప్రక్కన ఉండవలెను. దొరికిన ఫైళ్ళను తీసికొన్న పిదప దుకాణపు కంప్యూటరులోని ప్రతులను తన ఎదుటనే తుడిపింపవలెను.

పంచాయతీ చేయదగిన తీర్మానము

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకన్న ముందే జాగ్రత్తపడుట తెలివి. పెన్‌డ్రైవు కబురు మోయు మనిషివంటిది; కొట్టుగది కాదు. దానిలో ఒకే ప్రతి ఉండుట కూడదు. ఈ క్రింది అంశములతో ప్రతి పంచాయతీ ఒక తీర్మానము చేసికొనదగును.

1. ముఖ్యమైన ప్రతి రికార్డునకు 3 ప్రతులు ఉండవలెను: కార్యాలయపు కంప్యూటరులో ఒకటి, వేరొక డిస్కులో ఒకటి, కార్యాలయమునకు వెలుపల భద్రమైన చోట ఒకటి. అగ్గి గాని వరద గాని వచ్చినను మూడును ఒకేసారి పోరాదు.

2. పెన్‌డ్రైవులోనికి కాపీయే గాని తరలింపు కూడదు. ఎజెక్ట్ ఆజ్ఞ ఇచ్చి, తీయవచ్చునని తెరమీద కనిపించిన తరువాతనే తీయవలెను.

3. భూసేకరణ, పునరావాసము, పన్ను డిమాండు వంటి జాబితాలను సవరించిన ప్రతిసారి ఫైలు పేరులోనే తేదీ వేయవలెను. వారమునకు ఒకసారి అచ్చు ప్రతి తీసి సంతకము చేయవలెను.

4. పంచాయతీ పెన్‌డ్రైవు పంచాయతీ పనికే. సినిమాలకు, పాటలకు, ఇతరుల కంప్యూటర్లకు దానిని వాడరాదు. వైరసులు ఈ దారినే వచ్చును. మూత పెట్టి, దుమ్మునకు, ఎండకు దూరముగా ఉంచవలెను.

5. మూడు మాసములకు ఒకసారి, దాచిన ప్రతులలో ఏదో ఒకదానిని తెరచి చూడవలెను. తెరచుకొనని నకలు నకలే కాదు.

6. కంప్యూటరునకు కరెంటు పోయినప్పుడు కొంతసేపు నిలుపు యు.పి.ఎస్. పనిచేయుచున్నదో లేదో పరీక్షింపవలెను.

సభ్యులకు ఒక మనవి

పెన్‌డ్రైవు చెడినదని తెలిసిన మరుక్షణము కార్యాలయములో కేకలు వినిపించుట సహజము. కాని ఆ కేకలే రెండవ ప్రమాదమునకు కారణములగుట కలదు. మాట పడుదునేమో అని భయపడిన ఉద్యోగి విషయమును దాచును; ఎవరికిని తెలియకుండ సరిచేయవలెనని తోచిన మీటలెల్ల నొక్కును; ఫార్మాట్‌కు అంగీకరించును; తప్పిపోయిన పేర్లను జ్ఞాపకమునుండి నింపును. చెడిన సూచికను బాగుచేయవచ్చును గాని, భయముతో వ్రాసిన క్రొత్త వ్రాతను తొలగించి పాతదానిని తెచ్చుట ఎవరి తరమును కాదు. కావున వెంటనే చెప్పినవారిని దండింపమని పంచాయతీ ముందుగానే తెలుపుట మంచిది. ఎట్లు జరిగినదను విచారణ తరువాత చేసికొనవచ్చును. మొదటి గంట రికార్డును కాపాడుటకే చెందవలెను.

బొగ్గు తవ్వుటకు భూమిని ఇచ్చిన గ్రామములలో ఇల్లు పోయిన తరువాత ఆ ఇల్లు ఉండెడిదని చెప్పుటకు మిగులునది రికార్డు ఒక్కటే. గోడలు కూలి, చెట్లు పోయి, ఆ చోట మట్టిగుట్ట లేచిన పిదప, ఫలానా నంబరు ఇంటిలో ఫలానా కుటుంబము నివసించినదని పలుకవలసినది పంచాయతీ జాబితాయే. అట్టి జాబితాకు మూడు ప్రతులు ఉంచుటయు, దానిని మోయు చిన్న పరికరమును ఒక్క క్షణము ఆగి తీయుటయు పంచాయతీకి పెద్ద శ్రమ కాదు. వచ్చే సమావేశపు ఎజెండాలో ఈ విషయమును చేర్చి, పై తీర్మానమును సభ్యులు చర్చింతురు గాక.